తిరుపతి ఇంట్లో గ్రేట్ డేన్: ఆరేళ్లు పెంచాక నా మాట

గ్రేట్ డేన్ అంత మెత్తని మనసున్న కుక్కను నేను ఇంతవరకు చూడలేదు. అయినా కొనాలని సలహా అడిగేవాళ్లలో ఎక్కువమందికి వద్దనే చెబుతున్నాను. లోపం కుక్కది కాదు. కింది ఇల్లు, ఎండకు నీడ, నెలనెలా పెట్టగలిగే డబ్బు, పగలంతా ఇంట్లో ఉండే ఒక మనిషి, ఈ నాలుగూ ఉంటే తప్ప అంత పెద్ద జీవి మన ఊళ్లో సుఖంగా బతకలేదు.

మా టైగర్‌కి ఆరేళ్లు. ఒంటి మీద పులిచారలు ఉన్నాయని పిల్లలు ఆ పేరు పెట్టారు. బరువు 65 కిలోలకు కాస్త అటూ ఇటూ. మాది బైరాగిపట్టెడలో కింది ఇల్లు, వెనక కొంచెం పెరడు ఉంది. అమ్మ పగలంతా ఇంట్లోనే ఉంటుంది. ఆమె లేకపోతే మేం ఈ కుక్కను పెంచగలిగేవాళ్లం కాదు.

ఒకప్పుడు జర్మనీలో అడవిపందుల వేటకు పెంచిన జాతి ఇది. మా వాడిలో ఆ వేటబుద్ధి వెతికినా కనబడదు. ఎవరైనా నిలబడితే పక్కన చేరి, ఒళ్లంతా వాళ్ల మీదికి వాల్చి నిలబడతాడు. డేన్‌లకు అది అలవాటు, వాటి ప్రేమ అదే. ముసలివాళ్లను, పసిపిల్లలను మాత్రం ముందే కూర్చోబెట్టాలి. వాలితే పడిపోతారు. తోక గట్టిగా తగిలితే వాతలు తేలతాయి, టీపాయ్ మీద గ్లాసులు నిలవవు. పూజగది గడప దగ్గర అమ్మ "టైగరూ, ఆడే ఉండు నాయనా" అంటే చాలు, హారతి అయ్యేదాకా అక్కడే పడుకుంటాడు.

తిరుపతిలో ఇల్లంటే ఏడాది పొడవునా కొండకు వచ్చే చుట్టాలు ఉంటారు. పుంగనూరు నుంచి మా అత్త బయల్దేరే ముందే ఫోన్ చేస్తుంది. "ఒరే అబ్బయా, ఆ కుక్కను కట్టేసినావా లేదా ముందు చెప్పు. అప్పుడే నేను ఆటో దిగేది" అంటుంది. "దూడంత ఉండాదే" అని భయపడినవాళ్లే రెండో రోజుకు దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ఆ మొదటి రోజు మాత్రం ఎవరో ఒకరు కుక్క పక్కనే ఉండాలి. భయపడే మనిషిని బలవంతంగా దగ్గరికి తీసుకెళ్లకూడదు. చిన్నప్పటి నుంచి కొత్త మనుషుల మధ్య పెరిగింది కాబట్టి మావాడికి ఇబ్బంది లేదు. ఎవరూ రాని ఇంట్లో ఇంత బరువున్న కుక్క బెదురుతో పెరిగితే తర్వాత ఆపడం ఎవరివల్లా కాదు.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. మనకులాగా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దానికున్న ముఖ్యమైన దారి. ఒళ్లు పెద్దదయ్యేకొద్దీ లోపలి వేడి బయటికి పోవడం కష్టం. అందుకే వేసవిలో మా ఇల్లంతా టైగర్ వేళలకే నడుస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి వీధిలో ఉంటాం, ఎండ పొడ తగిలేలోపు తిరిగొస్తాం. సాయంత్రం తారురోడ్డు మీద చేతివెనక భాగం ఆన్చి చూస్తాను. నా చెయ్యి ఓర్చుకోలేకపోతే వాడి పాదాలూ ఓర్చుకోలేవు, ఇంకో గంట ఆగుతాం. పొడి వేడికి కూలర్ సరిపోతుంది, ఉక్కపోతకు సరిపోదు. ఆ రోజుల్లో హాల్లో ఏసీ వేయక తప్పదు, కరెంటు బిల్లు దానికి తగ్గట్టే వస్తుంది. రొప్పు ఆగకుండా, చొంగ చిక్కబడి, అడుగు తడబడితే అది వడదెబ్బ. మామూలు నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎండ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది కడుపు మెలిపడటం. ఇంత లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో కడుపు గాలితో ఉబ్బి, తన చుట్టూ తాను తిరిగిపోతుంది. రక్తం ఆగిపోతుంది. కొన్ని గంటల్లో ప్రాణం పోతుంది. కుక్క వాంతి చేసుకోవాలని పదేపదే ప్రయత్నిస్తుంది, ఏమీ రాదు. పొట్ట బిగుసుకుంటుంది, ఒకచోట నిలవలేక తిరుగుతుంది. ఇవి కనబడితే తెల్లారేదాకా చూద్దామనుకోవడానికి లేదు, అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే. అందుకే కుక్కను తెచ్చే ముందే రాత్రిపూట ఆపరేషన్ చేయగల చోటు ఎక్కడుందో కనుక్కుని పెట్టుకోవాలి. తిరుపతిలో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉండటం మన అదృష్టం. ఆవులు, మేకలతో చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడికే వస్తాయి.

మావాడికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినప్పుడే, కడుపును లోపలి గోడకు కలిపి కుట్టించాం. అలా కుడితే ఉబ్బడం పూర్తిగా ఆగదు కానీ మెలి తిరగడం దాదాపు ఆగిపోతుంది. డేన్ ఉన్న ప్రతి ఇంటివాళ్లూ దీని గురించి తమ డాక్టరును అడగాలి. తిండి రోజుకు మూడు పూటలు, కొంచెం కొంచెంగా పెడతాం. తిన్నాక గంటకు పైగా పరుగులు, ఆటలు లేవు. పెద్ద కుక్కకు స్టూలు మీద గిన్నె పెడితే మంచిదని చాలామంది చెబుతారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఎత్తున పెట్టిన గిన్నెలో తినే కుక్కల్లోనే ఈ జబ్బు ఎక్కువ కనబడింది. గబగబా మింగే కుక్కల్లోనూ, తల్లికో తండ్రికో తోబుట్టువుకో వచ్చిన కుక్కల్లోనూ అంతే. మా గిన్నె నేల మీదే ఉంటుంది.

పిల్లగా ఉన్నప్పుడు కాల్షియం సిరప్ పట్టమని చెప్పని మనిషి లేడు. డాక్టరు గట్టిగా వద్దన్నారు. పెద్ద జాతుల పిల్లలకు కాల్షియం ఎక్కువైతే ఎముకలు వంకర పెరుగుతాయట. పెద్ద జాతి పిల్లలకని చేసిన మేతే పెట్టాం, సన్నగానే ఉంచాం. ఏడాది తిరిగేసరికి 50 కిలోలు దాటాడు. ఎదుగుదల ఆగేదాకా మెట్లెక్కి దిగడాలు, ఎత్తు నుంచి దూకడాలు తగ్గించాం. ఇప్పుడు నెలకు తిండికయ్యే డబ్బు మా ఇంటి కిరాణా ఖర్చుకు దాదాపు సమానం. మందులు కూడా బరువును బట్టే ఇస్తారు కాబట్టి, చిన్న కుక్కకు సగం మాత్ర వేసేచోట వీడికి పెద్ద మాత్రలే పడతాయి.

నేల సంగతి ఎవరూ చెప్పరు. కడప బండల మీద పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయి, అవే తర్వాత నీరు పట్టి పుండ్లవుతాయి. కొన్న పరుపులు నిలవలేదు. అమ్మ పాత చీరలతో మందంగా కుట్టిన బొంతలు ఇన్నేళ్లుగా నిలిచాయి, ఉతికితే మధ్యాహ్నానికి ఆరిపోతాయి. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారి తుంటి దెబ్బతింటుంది, కాబట్టి నడిచే దారి అంతా రబ్బరు పట్టాలు పరిచాం. చొంగకు భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉండాలి.

వానాకాలం పిడుదులు. కార్తీక మాసం వానలు పట్టాక పెరట్లో గడ్డి లేస్తే చాలు, చెవుల్లో, వేళ్ల సందుల్లో చేరతాయి. వాటివల్ల వచ్చే జ్వరం మావాడికి ఒకసారి వచ్చింది. తిండి మానేశాడు, చిగుళ్లు పాలిపోయాయి, రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. త్వరగా పట్టుకున్నారు కాబట్టి మందులతో తేరుకున్నాడు. అప్పటి నుంచి నివారణ మాత్ర ఏ నెలా తప్పలేదు. ఆ రోజు వాడు లేవలేకపోతే దుప్పటిలో పడుకోబెట్టి ఇద్దరం మోశాం. ఆటోవాళ్లు ఎక్కించుకోరు. కారు లేని ఇంట్లో ఇంత పెద్ద కుక్కకు జబ్బు చేస్తే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి.

చివరిది, నాకు చెప్పడానికి కష్టమైనది. ఈ జాతి బతికేది మామూలుగా ఏడు నుంచి పదేళ్లు. గుండె కండరం బలహీనపడే జబ్బు వీటిలో ఎక్కువ. ఆరేళ్లకే టైగర్ మూతి తెల్లబడింది, లేచేటప్పుడు వెనక కాళ్లు కూడదీసుకుంటున్నాడు. ఏడాదికోసారి గుండె స్కాన్ చేయిస్తున్నాం. వాడితో పెరిగిన మా పాప పదో తరగతికి రాకముందే వాడు ముసలివాడయ్యాడు. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి తెచ్చాం.

కొనేవాళ్లు తల్లిని చూపించమని అడగండి, కుదిరితే తండ్రిని కూడా. వాటి గుండె, తుంటి పరీక్షల కాగితాలు అడగండి, ఆ వంశంలో దేనికైనా కడుపు మెలిపడిందా అని అడగండి. చూపించనివాళ్ల దగ్గర ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. మూడో అంతస్తు ఫ్లాటులో ఉండి, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లయితే ఈ జాతి జోలికి వెళ్లవద్దు. మా పిల్లలు ఇంకొకటి తెద్దామని అడుగుతున్నారు. టైగర్ ఉండగా వద్దన్నాను, రెండు డేన్‌లకు సరిపడా చోటూ డబ్బూ మాకు లేవు. వాడి తర్వాత మాత్రం, అమ్మ ఒంట్లో ఓపిక ఉండి ఒప్పుకుంటే, మళ్లీ డేన్‌నే తెస్తాను.