అకిహబారాలో బిల్లు, కసుకబెలో షిన్‌చాన్

ముందు బిల్లు సంగతి చెప్పేస్తా, అది కక్కేస్తే గానీ మిగతాది రాయబుద్ధి కావట్లేదు. టోక్యో అకిహబారాలో ఒక మెయిడ్ కేఫ్‌లో, అంటే పనిమనుషుల వేషంలో అమ్మాయిలు వడ్డించే చోట, గంటా పది నిమిషాలు కూర్చున్నందుకు 14,520 యెన్ లాగారు. మన డబ్బుల్లో దాదాపు 8,400. తాగింది మూడు గ్లాసుల జ్యూస్!

రోడ్డు మీద ఫ్రిల్లుల గౌను, తలకి పిల్లి చెవులు పెట్టుకున్న అమ్మాయి పాంప్లెట్ చేతిలో పెట్టి "వన్ అవర్, 1,500" అంది. మా వాడికి పదమూడేళ్ళు, యానిమే, అదే జపాన్ బొమ్మల సినిమాలంటే పిచ్చి, నేను ఆ కాగితం చదివే లోపే లిఫ్ట్ ఎక్కేశాడు. తీరా బిల్లు వచ్చాక తెలిసింది ఆ 1,500 మనిషికి అని, గంట మీద పది నిమిషాలైనా ఇంకో గంట మొత్తం కట్టాలని, మనిషికో డ్రింక్ తప్పనిసరి అది 900 అని, ఆ అమ్మాయితో ఫోటోకి 1,500 అని, వీటన్నిటి మీద పది శాతం సర్వీస్ ఛార్జ్ అని. ఇదంతా గోడ మీద రాసే ఉందట, జపనీస్‌లో, చీమ తలకాయంత అక్షరాల్లో. మా ఆయన నోరెత్తకుండా కార్డు ఇచ్చాడు గానీ ఆ రాత్రి అన్నం తినలేదు, నాతోనూ మాట్లాడలేదు, పిల్లాడిని వెనకేసుకొచ్చానని. వెళ్ళేవాళ్ళకి ఒకటే మాట, రోడ్డు మీద పిలిచేవాళ్ళ వెనక అస్సలు వెళ్ళొద్దు. గుమ్మం దగ్గరే రేట్లు ఇంగ్లీషులో పెట్టిన చోటికి మీరే వెళ్ళండి, ఎంతసేపటికి, మనిషికా టేబుల్‌కా, సర్వీస్ ఉందా అని అడిగి కూర్చోండి.

అసలు అకిహబారా అంటే ఈ యానిమే బొమ్మలూ కేఫులే అనుకుంటాం కదా బయటివాళ్ళం. యుద్ధం అయ్యాక అది రేడియో విడిభాగాల బజారు, బొమ్మలూ గేములూ తర్వాత వచ్చాయి. ఇప్పటికీ రైలు పట్టాల కింద రేడియో సెంటర్‌లో మనిషి పట్టేంత కొట్లలో పెద్దాయనలు కూర్చుని రెసిస్టర్లు, స్విచ్చులు, వైర్లు అమ్ముతున్నారు, అచ్చం మన కోఠి గుజరాతీ గల్లీ. మర్నాడు మా ఆయన మూడ్ బాగయింది అక్కడే, 300 యెన్ పెట్టి ఏదో స్విచ్ కొనుక్కుని.

ఉయెనోలో హోటల్ ముగ్గురికి రాత్రికి 16,500. శుభ్రం గురించి మాట్లాడక్కర్లేదు కానీ రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవలేం, ఒకరు బట్టలు తీసుకుంటుంటే మిగతా ఇద్దరం మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. ఐదు రాత్రులు అలాగే గడిచాయి.

కామకురా, టోక్యోకి దగ్గర్లో సముద్రపు ఊరు. ఎనొడెన్ అనే చిన్న రైలు, పక్కనే సముద్రం, రైల్వే గేటు, "స్లామ్ డంక్" అనే బాస్కెట్‌బాల్ యానిమే చూసినవాళ్ళకి ఈ సీన్ చెప్పక్కర్లేదు. బొమ్మలో రోడ్డు మీద పురుగు ఉండదు, గాలి వీస్తుంటుంది, గంట మోగుతుంటుంది. మేం కామకురా కోకో మయె స్టేషన్‌లో దిగేసరికి ఆ గేటు దగ్గర వందల మంది ఫోన్లు ఎత్తి నిలబడి ఉన్నారు, కారు వస్తుంటే రోడ్డు మధ్యకి ఉరుకుతున్నారు, యూనిఫాంలో ఉన్న గార్డులు వెనక్కి వెనక్కి అని గొంతు పోయేలా అరుస్తున్నారు. ఒక ముసలావిడ కూరగాయల సంచితో రోడ్డు దాటడానికి మా అందరి మధ్యలోంచి దండం పెట్టుకుంటూ వంగి వంగి వెళ్ళింది. ఆవిడ ఇంటి దారికి మేం అడ్డం, మళ్ళీ దండం ఆవిడే పెట్టింది! మా వాడు ఒక్క ఫోటో తీసి పదమ్మా అన్నాడు. పొద్దున ఏడింటికే వెళ్తే తప్ప నేనైతే దండగ అంటాను.

జిబ్లీ అనే యానిమే స్టూడియో వాళ్ళ మ్యూజియం మాత్రం పైసా వసూల్. పెద్దలకి 1,000, మా వాడి వయసుకి 700. కాకపోతే అక్కడ కౌంటర్‌లో అమ్మరు, ప్రతి నెలా 10వ తారీఖున తర్వాతి నెల టికెట్లు ఆన్‌లైన్‌లో వదులుతారు, వాళ్ళ పదింటికి, అంటే మనకి పొద్దున ఆరున్నర. నేను పాలు స్టవ్ మీద పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా, పాలు పొంగాయి, టికెట్లు దొరికాయి. లోపల ఫోటోలు తీయనివ్వరు, అదే మంచిదైంది, మా వాడు ఫోన్ లేకుండా రెండు గంటలు కళ్ళతో చూశాడు. చిన్న సినిమా వేస్తారు, దాని టికెట్‌గా అసలైన ఫిల్మ్ ముక్క ఇస్తారు, వెలుతురుకి పెట్టి చూస్తే బొమ్మ కనిపిస్తుంది.

తిండి విషయంలో నేను శాకాహారిని కాబట్టి చెప్తున్నా, దాదాపు అన్నిట్లో చేపలు మరిగించిన నీళ్ళుంటాయి, అడిగినా వాళ్ళ లెక్కలో అది చేప కాదు. నన్ను కాపాడింది ఒనిగిరి. యానిమేలో ప్రతి పిల్లాడూ తింటాడే మూడు మూలల అన్నం ముద్ద, దానికి నల్ల నాచు చుట్టి, అదే. ఉమెబొషి అని లోపల ఊరబెట్టిన పుల్లటి పండు ఉండేది తీసుకోండి, 150 యెన్ చిల్లర. కొరికితే ఊరగాయ నంజుకున్న పెరుగన్నం గుర్తొచ్చి నాకు కళ్ళలో నీళ్ళొచ్చినంత పనయింది, ఆకలి కూడా అనుకోండి.

చివరి రోజు కసుకబె. షిన్‌చాన్ ఊరు. మా వాడు మూడేళ్ళప్పట్నుంచి తెలుగు డబ్బింగ్‌లో షిన్‌చాన్ చూసి నాతో ఎదురు మాట్లాడటం నేర్చుకున్నాడు, నాకు ఆ బొమ్మంటే ఒళ్ళుమంట. 2008లో మన దేశంలో కొన్నాళ్ళు ఆపేశారు కూడా, జపాన్‌లోనూ చాలామంది తల్లులకి నచ్చదట, నాకు తోడున్నారు. అసాకుసా నుంచి తోబు లైన్‌లో మనిషికి ఐదారొందల యెన్. అక్కడ చూడ్డానికి ఏముంది అని మా ఆయన. నిజంగా ఏమీ లేదు! రెండంతస్తుల ఇళ్ళు, బాల్కనీల్లో ఆరేసిన పరుపులు, సైకిల్ మీద వెనకో పిల్లాడు ముందో పిల్లాడితో అమ్మలు, పెద్ద స్కూలు సంచులతో తోడెవరూ లేకుండా నడిచెళ్ళే బుడతలు. షిన్‌చాన్ వాళ్ళ నాన్నకి 32 ఏళ్ళ హోమ్ లోన్ ఉంటుంది కదా, ఆ ఇల్లు ఇదే అయ్యుంటుందని ప్రతి సందులో మా ఆయన ఒక ఇల్లు చూపించాడు, మనదింకా పద్నాలుగేళ్ళుంది అని కూడా అన్నాడు. ఊరు మొత్తం బొమ్మలో ఉన్నట్టే ఉంది. పిల్లి చెవులు ఒక్కటి కనపడలేదు.

మధ్యాహ్నం అదే ఊళ్ళో భూగర్భ వరద కాలువ చూశాం, ముందే బుక్ చేసుకోవాలి, 1,000 యెన్. వందకి పైగా మెట్లు దిగితే 177 మీటర్ల పొడవు, 18 మీటర్ల ఎత్తు ట్యాంకు, ఒక్కోటి 500 టన్నుల స్తంభాలు 59. గుడిలో నిలబడ్డట్టుంది. వానొచ్చి నదులు పొంగితే ఆ నీళ్ళు ఇందులోకి మళ్ళిస్తారు. వర్షాకాలం మన కాలనీలో కారు మునిగిన సంగతి మా ఆయన అక్కడ గుర్తు చేసుకోకుండా ఉంటాడా, తిరుగు రైలు దాకా అదే పాట.

కసుకబె స్టేషన్‌లో రైలు కదిలే ముందు వచ్చే మ్యూజిక్ షిన్‌చాన్ పాటే. మా వాడు ఎగిరి గంతేశాడు. మా ఆయన ఫోన్‌లో రికార్డ్ చేస్తూ రైలు ఒకటి వదిలేశాడు. ఇప్పుడు మా ఇంట్లో పొద్దున ఐదున్నర అలారం అదే, నేను తప్ప అందరూ నిద్రపోతూ వింటారు.