ప్లేరైట్‌: రొయ్యల ధరల పేజీ మీద చాలాకాలం వాడాక

భీమవరం, ఆకివీడు వైపు చెరువుల రైతులు ఫోన్‌లో చూసుకునే రొయ్యల ధరల పేజీకి మేం ప్లేరైట్‌తోనే (బ్రౌజర్‌ని మనిషిలా నడిపించి వెబ్ పేజీని పరీక్షించే సాధనం) పరీక్షలు నడుపుతున్నాం. 30, 50, 100 అంటూ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) మార్చగానే రేటు మారాలి. పేజీ మళ్లీ లోడ్ కాదు; జావాస్క్రిప్టే నిమిషానికోసారి సర్వర్‌ని అడిగి పట్టిక మార్చేస్తుంది. ఇలాంటి పేజీకి నేనైతే ఇదే పనికి వాడే పాత సాధనం సెలీనియం కన్నా దీన్నే ఎంచుకుంటాను.

కారణం లొకేటర్, అంటే పేజీలో మనకు ఏ భాగం కావాలో చెప్పే గుర్తు. సెలీనియంలో ఒక వరసను పట్టుకున్నాక రియాక్ట్ (పేజీని గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) దాన్ని తీసేసి కొత్తది పెడితే 'స్టేల్ ఎలిమెంట్' (పట్టుకున్న భాగం పాతబడింది) అంటూ పరీక్ష ఆగిపోతుంది. ప్లేరైట్ లొకేటర్ వాడిన ప్రతిసారీ పేజీలో కొత్తగా వెతుక్కుంటుంది. క్లిక్ చేసేముందు బటన్ కనబడుతోందా, కదలకుండా ఉందా, ఎనేబుల్ అయిందా, దాని మీద ఇంకేమైనా అడ్డం వచ్చిందా అని కూడా చూసుకుంటుంది.

అయితే అది ఎదురుచూసేది ఎలిమెంట్ కోసమే, మీ డేటా కోసం కాదు. 30 నుంచి 50 కౌంట్‌కి మార్చి 'రేటు గడి కనబడుతోందా' అని అడిగితే, పాత రేటు ఇంకా అక్కడే ఉంటుంది కాబట్టి పరీక్ష పాసైపోతుంది. అందుకే సర్వర్‌కి వెళ్లే అభ్యర్థనను మధ్యలో పట్టుకునే పేజ్.రౌట్‌తో సర్వర్ జవాబును మనమే ఇవ్వాలి. 30కి 111, 50కి 222 లాంటి అంకెలు పెట్టి, టుహ్యావ్‌టెక్స్ట్‌తో 222 వచ్చిందా అని చూడాలి. అది డిఫాల్ట్‌గా 5 సెకన్ల వరకు మళ్లీమళ్లీ చూస్తుంది. ఈజ్‌విజిబుల్ మాత్రం ఆ క్షణంలో ఉన్నది చెప్పేసి వెళ్లిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. అదే రౌట్‌లో జవాబును 3 సెకన్లు ఆలస్యం చేసి చూడండి. లంక గ్రామాల్లో సిగ్నల్ అందని రైతుకు ఆ మధ్యలో 'లోడ్ అవుతోంది' అని కనబడాలి గానీ '0 రూపాయలు' అని కాదు.

అన్నిటికన్నా ఎక్కువ సతాయించేది హైడ్రేషన్, అంటే సర్వర్ పంపిన పేజీకి జావాస్క్రిప్ట్ వచ్చి తగులుకోవడం. సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌లో బటన్ ముందే ఉంటుంది, జావాస్క్రిప్ట్ ఇంకా దానికి తగులుకోలేదు. ప్లేరైట్ కళ్లకు అంతా సిద్ధమే. క్లిక్ పడుతుంది, ఏమీ జరగదు, తర్వాతి లైన్‌లో పరీక్ష ఫెయిలవుతుంది. మధ్యలో 2 సెకన్లు ఆగమని రాస్తే మీ ల్యాప్‌టాప్‌లో సరిపోతుంది, బరువెక్కువున్న సీఐ మెషీన్‌లో (కోడ్ మారినప్పుడల్లా పరీక్షలు తనంతట తానే నడిపే సర్వర్) సరిపోదు. నెట్‌వర్క్ సద్దుమణిగేదాకా ఆగే నెట్‌వర్క్‌ఐడిల్ కూడా మందు కాదు. అర సెకను నెట్‌వర్క్ కదలిక లేదంటే పేజీ సిద్ధమైనట్టు కాదు. సరైన మార్గం పేజీలోనే ఉంది: హైడ్రేషన్ అయ్యేదాకా బటన్‌ని డిజేబుల్ చేసి ఉంచడం. అప్పుడు ప్లేరైట్ తనంతట తానే ఆగుతుంది. నెమ్మదిగా ఉన్న ఫోన్‌లో అదే బటన్ నొక్కి ఏమీ కాక విసిగే రైతుకూ మేలే.

నిమిషానికోసారి వచ్చే రిఫ్రెష్ కోసం నిమిషం కాచుకోనక్కర్లేదు. ప్లేరైట్ 1.45 వెర్షన్ నుంచి క్లాక్ (పేజీ గడియారాన్ని మనమే నడిపే సౌకర్యం) ఉంది: పేజీ తెరవకముందే ఇన్‌స్టాల్ చేసి, తర్వాత ఫాస్ట్‌ఫార్వర్డ్‌తో నిమిషం ముందుకు జరపండి. టైమ్‌జోన్ మాత్రం ఏషియా/కోల్‌కతా అని కాన్ఫిగ్‌లో తప్పకుండా రాయాలి. సీఐ మెషీన్ మామూలుగా యూటీసీలో (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. మనకు తెల్లవారుజామున 5:30 దాకా అక్కడ నిన్నటి తేదీయే. చెరువులో రొయ్యల పట్టుబడి జరిగేది సరిగ్గా ఆ వేళకే, 'నేటి ధర' అన్నచోట నిన్నటి తేదీ పడుతుంది. ఉబుంటు మెషీన్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే స్క్రీన్‌షాట్ నిండా డబ్బాలే వస్తాయి. ఫాంట్స్-తెలు ప్యాకేజీ వేస్తే పోతాయి.

ఫెయిలైన పరీక్షను విప్పి చూడటానికి ట్రేస్ వ్యూయర్‌ని మించింది లేదు. ప్రతి అడుగుకీ ముందూ వెనుకా పేజీ ఎలా ఉందో చూపిస్తుంది. కానీ ట్రేస్‌ని (పరీక్ష నడిచిన రికార్డు) 'ఆన్-ఫస్ట్-రీట్రై' అని పెట్టి రీట్రైలను (ఫెయిలైతే ఎన్నిసార్లు మళ్లీ నడపాలో) డిఫాల్ట్ 0 దగ్గరే వదిలేస్తే ఒక్క ట్రేస్ కూడా రాదు. కనీసం 1 పెట్టండి.

ప్లేరైట్ తీర్చలేనిది ఒకటుంది. ఫోన్ సైజుకి స్క్రీన్ తగ్గించి చూపిస్తుంది గానీ చవక ఆండ్రాయిడ్ ఫోన్‌లోని తక్కువ ర్యామ్‌ని, ఎండలో వెలవెలబోయే స్క్రీన్‌ని చూపించలేదు. ప్రతి విడుదలకు ముందు ఆ ఒక్క పరీక్షా చేత్తోనే చేస్తున్నాం, చెరువు గట్టు మీద.