ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పార్ట్‌టైమ్ హోమ్ కేర్ పని: రెండేళ్ళు చేశాక నా రివ్యూ

హోమ్ కేర్ అంటే పెద్దవాళ్ళ, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకెళ్ళి వాళ్ళ రోజువారీ పనుల్లో సాయపడటం. ఆ పనికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, రోటాకి, అంటే ఎవరు ఎప్పుడు ఏ ఇంటికి వెళ్ళాలో కంపెనీ వేసే పట్టికకి, రెండు. ఆ రెండైనా ఇప్పుడున్న కంపెనీ కాబట్టి, మొదటి కంపెనీకైతే ఒకటి ఇవ్వడం కూడా దండగ.

ఎమ్మెస్సీకి వచ్చిన మొదటి టర్మ్‌లోనే చేరాను. ఇప్పుడు గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక ఉండి పనిచేసుకునే వీసా) మీద వేరే ఉద్యోగం దొరికినా శని, ఆదివారాలు ఇంకా చేస్తూనే ఉన్నాను. ఈ పని గురించి మనవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా కాసేపు నసిగి చివరికి అడిగేది ఒకటే, డైపర్లు మార్చాలా అని. మార్చాలి. ఇక్కడ ప్యాడ్ అంటారు, గ్లోవ్స్, ఏప్రన్ ఇస్తారు, మొదట్లో ఇంటికొచ్చాక అన్నం సయించదు, కొన్నాళ్ళకు దాని గురించి ఆలోచన కూడా రాదు. ఇంటర్వ్యూలో మీరు అడగాల్సిన ప్రశ్న మాత్రం వేరే ఉంది: ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళే టైముకి డబ్బులిస్తారా?

ఒక్కో ఇంటికి వెళ్ళడాన్ని ఇక్కడ కాల్ అంటారు. రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున 7 నుంచి మార్నింగ్ కాల్స్, మధ్యాహ్నం లంచ్ కాల్స్, సాయంత్రం టీ కాల్స్, రాత్రి 10 లోపు బెడ్ కాల్స్. ఒక్కో కాల్ అరగంట, ముప్పావుగంట, కొన్ని పావుగంట మాత్రమే. మధ్యలో బస్సు కోసం నిలబడటం, గుట్టలెక్కడం. షెఫీల్డ్ ఎత్తుపల్లాల ఊరు, ఆదివారం బస్సులు తక్కువ, డిసెంబర్‌లో నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. కారు లేకపోతే తల ప్రాణం తోకకొస్తుంది. మొదటి కంపెనీలో పొద్దున 7కి బయటపడి రాత్రి 10కి ఇల్లు చేరినా పేస్లిప్‌లో పడేది 6 గంటలే. 2025 ఏప్రిల్‌లో 21 నిండిన వాళ్ళకు కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఆ లెక్కన 6 గంటలకు 73 పౌండ్లు, బయట గడిపిన 15 గంటలకు పంచితే గంటకు ఐదు కూడా పడదు.

ఇందులో కొంత చట్టబద్ధమే, కొంత కాదు, ఆ తేడా తెలిసి ఉండాలి. మీ ఇంటి నుంచి మొదటి కాల్‌కు, చివరి కాల్ నుంచి మీ ఇంటికి చేసే ప్రయాణం కనీస వేతనం లెక్కలోకి రాదు. మధ్యలో మూడు గంటలు ఖాళీ ఇస్తే, అందులో ఇంటికెళ్ళి పడుకుంటే, ఆ టైము కూడా రాదు. కానీ ఒక క్లయింట్ ఇంటి నుంచి ఇంకో క్లయింట్ ఇంటికి వెళ్ళే టైము మాత్రం పనికిందే లెక్క. కంపెనీలు ఇక్కడే తెలివి చూపిస్తాయి. "మేం గంటకు 13 ఇస్తున్నాం" అంటారు, వినడానికి బాగుంటుంది. 6 గంటల కాల్స్‌కి 78 పౌండ్లు. ఆ కాల్స్ మధ్య గంటన్నర తిరిగారనుకోండి, మొత్తం ఏడున్నర గంటలు, గంటకు పడింది 10.40. అంటే కనీస వేతనం కంటే తక్కువ. ఇలాంటివాటికి అకాస్ అని, ఉద్యోగుల హక్కుల మీద సలహా ఇచ్చే సంస్థ హెల్ప్‌లైన్ ఉంది, సలహా ఉచితం, మీరు స్టూడెంట్ అయినా చెప్తారు.

స్టూడెంట్ వీసా వాళ్ళకు ఇంకో మెలిక. టర్మ్‌లో వారానికి 20 గంటలే, వారం అంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. ఈ వారం 10 చేశాను కాబట్టి వచ్చే వారం 30 చేస్తానంటే కుదరదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, ఎవరో సిక్ అయ్యారు, ప్లీజ్ ఒక్క కాల్ అని. వాళ్ళకు షిఫ్ట్ నిండాలి, వీసా మాత్రం మీది. "సెల్ఫ్ ఎంప్లాయిడ్‌గా రాసుకుందాం" అనే కంపెనీ జోలికి అసలు వెళ్ళొద్దు, స్టూడెంట్ వీసాకి అది కుదరదు. ఇక కేర్ పనిలో చేరితే స్పాన్సర్‌షిప్, అంటే కంపెనీ తరఫున వర్క్ వీసా, వస్తుందని ఇండియాలో ఇంకా చెప్తున్నారు. 2024 మార్చిలో కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోవడం ఆపేశారు, 2025 జులైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. ఆ పేరుతో ఎవరైనా లక్షలు అడిగితే లేచి వచ్చేయండి.

సరే, ఇన్ని చెప్పాక నాలుగున్నర ఎందుకిచ్చానో చెప్పాలి.

పార్కిన్సన్స్ (ఒళ్ళు బిగుసుకుపోయి కదలికలు నెమ్మదించే నరాల జబ్బు) ఉన్న ఒక పెద్దాయన. పొద్దున 8కి లెవోడోపా మాత్ర పడాలి, అదీ తిండికి ముందు, ఎందుకంటే ప్రొటీన్ ఉన్న తిండి ఆ మందుకు అడ్డం పడుతుంది. తలుపు పక్కన కీ సేఫ్ ఉంటుంది, కోడ్ కొట్టి తాళం తీసుకుని లోపలికెళ్ళేసరికి మంచం అంచున కూర్చుని ఉంటారు, వేళ్ళు బిగుసుకుపోయి, పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు. మాత్ర ఇచ్చి, చార్ట్‌లో సంతకం పెట్టి, కర్టెన్లు తీసి, కెటిల్ పెట్టి, పడక సర్దేలోపు మెల్లగా మనిషి వదులవుతారు. అప్పుడు షర్టు వేసుకుంటారు. గుండీలు ఆయనే పెట్టుకోవాలి, కేర్ ప్లాన్‌లో అలాగే రాసి ఉంది, ఆయన పట్టుదలా అదే. కింద నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ పైకి. నేను పెడితే అర నిమిషం, ఆయన పెట్టుకుంటే ఐదు నిమిషాలు. అక్కడ చేతులు కట్టుకుని నిలబడగలగడమే సగం పని. ఇంతలో ఫోన్‌లో యాప్ తర్వాతి కాల్ టైము దాటుతోందని మోగుతుంటుంది. బస్సు ఇరవై నిమిషాలు లేటైందా, ఆయన మాత్ర లేటవుతుంది, మాత్ర లేటైతే మధ్యాహ్నం దాకా ఆయనకు ఆ రోజు సరిగా నడవదు. రోటా వేసే మనిషికి అది ఒక చిన్న రంగు గడి.

ఈ పని నేర్పినవి ఊళ్ళో కూడా పనికొచ్చాయి. మొదటి షిఫ్ట్‌కి ముందే మూవింగ్ అండ్ హ్యాండ్లింగ్ (మనుషుల్ని లేపడం, జరపడం) ట్రైనింగ్ ఉంటుంది, హాయిస్ట్ అనే, మనిషిని ఎత్తే పరికరంలో మనల్నే కూర్చోబెట్టి గాల్లోకి లేపుతారు, అవతలి మనిషి భయం ఎలా ఉంటుందో తెలియాలని. మంచంలో ఉన్న పెద్దవాళ్ళను చంకల కింద చేతులేసి లేపడం మన ఇళ్ళల్లో మామూలే. ఇక్కడ అది నిషిద్ధం, భుజం కీలు తప్పుకోవచ్చు, చర్మం ఒరుసుకుపోవచ్చు. స్లైడ్ షీట్ అనే జారే గుడ్డ వేసి జరపాలి. మడమలు, నడుము కింది భాగం రోజూ చూడాలి, ఎర్రబడినచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి, అలా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, నర్సుకు చెప్పాలి. మన రంగు చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూడాలి. నల్గొండలో మా అమ్మమ్మను చూసుకుంటున్న అమ్మకి ఇదంతా వీడియో కాల్‌లో చూపించాను. "ఇంత చదువు చదివి ఇదా" అని మొదట్లో నీళ్ళు పెట్టుకున్న మనిషి, ఇప్పుడు అమ్మమ్మ మడమ దగ్గర ఫోన్ పెట్టి "ఇది చూడరా" అంటోంది.

మగవాళ్ళకు ఒక మాట. స్నానం, టాయిలెట్ పనులకు ఆడవాళ్ళే రావాలని చాలామంది క్లయింట్లు అడుగుతారు, అడిగే హక్కు వాళ్ళకుంది. దాంతో మనకు వచ్చేవి ఎక్కువగా మగ క్లయింట్లు, ఇద్దరు కలిసి వెళ్ళే హాయిస్ట్ కాల్స్. గంటలు తగ్గొచ్చు, లెక్క వేసుకుని చేరండి.

ఇప్పుడున్న కంపెనీలో కాల్స్ అన్నీ దాదాపు ఒకే పోస్ట్‌కోడ్‌లో ఇస్తారు, పేస్లిప్‌లో ట్రావెల్ టైముకి వేరే లైను ఉంటుంది. ఇంటర్వ్యూలో నేను అడిగింది ఒక్కటే: పేర్లు చెరిపేసి పోయిన వారం రోటా ఒకటి చూపించమన్నాను. అంతకుముందు అడిగిన రెండు కంపెనీలూ డేటా ప్రొటెక్షన్ అని మాట దాటేశాయి, వీళ్ళు చూపించారు. అయినా ఆదివారం బెడ్ కాల్స్ ఇప్పటికీ ఊరి ఆ చివరా ఈ చివరా వేస్తారు, అందుకే రెండు దాటి ఇవ్వలేదు.