దుబాయా, అమెరికానా? రాసేటోళ్లకు ఏది మేలు

దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ దిక్కు నుంచి పని కోసం దేశం దాటేవాళ్లకు జీతమెంత, ఓటీ (ఓవర్‌టైమ్) ఎంత అనేది ఏజెంటు చెప్తడు. రాసుకునే అలవాటున్న మనిషి అడగాల్సినవి వేరే ఉన్నయి. వారానికి ఎన్ని గంటలు మిగుల్తయి? చుట్టూ ఏ భాష వినపడ్తది? ఎన్నాళ్లకోసారి ఊరికి రావచ్చు? జీతాన్ని పక్కకు పెట్టి, ఈ లెక్కనే చూద్దాం.

ముందే చెప్తున్న: కథైనా, పాటైనా, కవితైనా మన యాసలో రాసేవాళ్లకు గల్ఫే మేలు. పెద్ద నవలకు, పరిశోధనకు, అనువాదానికి అమెరికా మేలు. (మన ఊళ్లల్ల గల్ఫ్ ఏ దేశమైనా దుబాయే కాబట్టి శీర్షికల అట్లనే పెట్టిన.)

గల్ఫ్‌ల ఒళ్లు అలసిపోతది, అది దాచేది కాదు. ఎనిమిది గంటల డ్యూటీ, ఆపైన రెండు గంటల ఓటీ, క్యాంపు నుంచి సైటుకు బస్సుల గంట పోను, గంట రాను. వండుకొని తినేసరికి రాత్రి తొమ్మిది. గదిల ఆరుగురో ఎనిమిది మందో, మంచం మీద మంచం. ఒకరికి నైట్ షిఫ్ట్ ఉంటే లైటు వేయనియ్యరు. ఎండకాలం మధ్యాహ్నం విరామముంటది కదా, అప్పుడు రాద్దామని చాలామంది అనుకుంటరు. ఎమిరేట్స్‌ల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండల పని చేయించొద్దు. ఖతార్‌ల జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకు. ఆ వేళ రాతకు పెట్టుకోవద్దు. చెమటతోని నీరంతా పోయిన ఒంటికి అప్పుడు కావాల్సింది నిద్ర.

నిజంగ మిగిలేది సెలవు రోజు. బట్టలు, వంట, ఇంటికి పైసలు పంపుడు పోను మూడు గంటలు దొరుకుతయి. తక్కువే అనిపిస్తది గాని, రెండేండ్ల కాంట్రాక్టుకు సుమారు వంద వారాలు, అంటే మూడు వందల గంటలు. ఒక కథకు దిద్దుళ్లతో కలిపి పాతిక గంటలు వేసుకున్నా పన్నెండు కథలైతయి. అది ఒక పుస్తకం. మిగతా ఆరు రోజులు రాయొద్దు, వినాలె. విన్న మాట మరిచిపోకముందే ఫోన్‌ల రెండు నిమిషాలు రికార్డు చేసి, సెలవు నాడు టైపు చేసుకోవాలె. టైపు చేసింది అదే రోజు మీ మెయిల్‌కు మీరే పంపుకోవాలె. ఫోన్ సైటుల పడి పగిలితే నెలల రాత పోతది.

వినడానికి గల్ఫ్ గదిని మించిన చోటు లేదు. జగిత్యాల మనిషి, సిరిసిల్ల మనిషి, నాగర్‌కర్నూల్ మనిషి, కడప మనిషి ఒకే పొయ్యి కాడ మాట్లాడుకుంటరు. అకామా (అక్కడ ఉండేందుకు అనుమతి కార్డు), కఫీల్ (పనికి పెట్టుకున్న యజమాని), ఖల్లివెల్లి (కంపెనీ విడిచి కాగితాలు లేకుండ ఉండుడు) అనే మాటలు ఇప్పటికే మన ఊళ్లకొచ్చినయి, వాటికి కథ కింద అర్థం రాయాల్సిన పని లేదు. రెండేండ్లకోసారి లీవ్ మీద వస్తే రెండు నెలలు ఊర్ల ఉంటరు కాబట్టి చెవి ఆరిపోదు.

భయపడాల్సింది చట్టానికి. ఎమిరేట్స్‌ల అడగకుండ వేరేవాళ్ల ఫోటో తీసినా, పెట్టినా నేరం. ప్రభుత్వాన్ని, మతాన్ని కించపరిచినట్టు పోస్టు పెడితే జైలు. పరువు నష్టం కూడా అక్కడ క్రిమినల్ కేసే, కంపెనీ పేరు పెట్టి తిట్టినా చిక్కే. చనిపోయిన తోటి కూలి కోసం అనుమతి లేకుండ చందాలడిగితే అదీ తప్పే. అందుకే అక్కడుండంగ రాసుకోండి, ఊరికి తిరిగొచ్చినంక అచ్చేయండి. కంపెనీ, సైటు, ఫోర్‌మన్ పేర్లు రాసేటప్పుడే మార్చండి. ఎమిరేట్స్‌ల వాట్సాప్ కాల్ కలవదు, వాయిస్ మెసేజ్ పోతది. అమ్మతోని వాయిస్ మెసేజ్‌లు పెట్టించుకొని దాచుకుంటే యాసకు అంతకన్న మంచి నిఘంటువు దొరకదు.

అమెరికాల బల్ల ఉంటది, తలుపేసుకునే గది ఉంటది, శని ఆదివారాలు ఉంటయి. ఇంటి పని, పిల్లలు పోను వారానికి ఎనిమిది, పది గంటలు కూర్చోవచ్చు. దానికన్న పెద్ద లాభం లైబ్రరీలు. అమెరికా పెద్ద ప్రభుత్వ లైబ్రరీ అయిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల ఢిల్లీ ఆఫీసు ఏండ్ల తరబడి తెలుగు పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకు పంపింది. నల్లగొండల దొరకని పాత పుస్తకం షికాగోల దొరకొచ్చు. అక్కడ మీరుండే ఊరి లైబ్రరీల అడిగితే వేరే లైబ్రరీ నుంచి తెప్పించి కూడా ఇస్తరు.

కాని ఊరికి రాకడ కష్టం. హెచ్1బీ (కొలువు మీద ఇచ్చే వీసా) మూడేండ్లు, పొడిగిస్తే ఆరు. కొలువు పోతే 60 రోజులల్ల వేరేది చూసుకోవాలె. స్టాంపింగ్ (తిరిగి పోయేముందు పాస్‌పోర్ట్‌ల వీసా ముద్ర వేయించుకునుడు) కాడ ఆగిపోతమేమోనన్న బుగులుతోని నాలుగైదేండ్లు రానివాళ్లున్నరు. వీసా ఫారంల ఐదేండ్ల సోషల్ మీడియా ఖాతాలు అడుగుతరని కూడా యాదుంచుకోవాలె. ఇంకొకటి, హెచ్1బీ మీద స్పాన్సర్ చేసిన కంపెనీకే పనిచేయాలె. నెలనెలా డబ్బులిచ్చే కాలమ్ ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

అన్నిటికన్న నాకు బాధనిపించేది, ఊరు మారింది గాని రాత మారకపోవడం. 2008ల పోయినాయన ఇంకా ఎండిన బోర్లు, బొంబాయి బస్సులే రాస్తుంటడు. ఈలోపు కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల లిఫ్టుల నీళ్లొచ్చినయి, మడికట్లయినయి, నాట్లకు బీహార్ కూలీలొస్తున్నరు. ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా 2016ల నాలుగు జిల్లాలైంది, 2019ల నారాయణపేటతోని ఐదైంది. ఇవి కథలకు రాకపోతే చదివేటోళ్లు మొదటి పేజీలనే పట్టుకుంటరు. ఊర్ల ఉన్న ఒక్క మనిషికి, మేనత్తకో దోస్తుకో, వారంవారం ఫోన్ చేసి పంట ధర, కూలి రేటు అడిగితే ఈ జబ్బు సగం తగ్గుతది.

కూలీలను గుంపుగ తీసుకపోయే గుంపు మేస్త్రీ వెంట బొంబాయి, పుణె పోయేవాళ్లకు రాత మరీ కష్టం. పొద్దంతా పని, అడ్డా మారినప్పుడల్లా కాగితాలు పోతయి. హైదరాబాద్‌ల సభలున్నయి, సంపాదకులున్నరు గాని కిరాయిలకే ఒళ్లు హూనమైతది.

ఏ దేశంలున్నా పుస్తకమేసేటప్పుడు తప్పులు ఒక్క తీరుగనే జరుగుతయి. మీరు యూనికోడ్‌ల (ఫోన్‌ల టైపు చేసే మామూలు అక్షరాలల్ల) పంపింది డీటీపీ అతను, అంటే పేజీలు కూర్చేటాయన, ‘అను’ అనే అచ్చు ఫాంట్‌లకు మారుస్తడు. అప్పుడు ఒత్తులు జారుతయి, ‘బోర్‌వెల్’ పోయి ‘బోర్వెల్’ అయితది. అందుకే మార్చినంక వచ్చిన పీడీఎఫ్‌నే ప్రూఫ్ చూడాలె, మీ ఫైలును కాదు. ప్రూఫ్ రీడర్ ‘వస్తది’ని ‘వస్తుంది’ అని దిద్దుతడు. ముట్టుకోవద్దన్న మాటల పట్టిక ఒక పేజీ ముందే పంపండి. డెమ్మీ (మామూలు కథల పుస్తకం) సైజుల 160 పేజీలంటే, పదహారు పేజీలకొక ఫారం లెక్కన, పది ఫారాలు, ఒక్కో పుస్తకం దాదాపు 200 గ్రాములు. తిరిగి పోయేటప్పుడు యాభై కాపీలు పెట్టుకుంటే లగేజీల పది కిలోలు పోతయి. హైదరాబాద్ బుక్ ఫెయిర్ మామూలుగ డిసెంబర్‌ల ఉంటది కాబట్టి లీవ్ అప్పటికి అడగండి, సెప్టెంబర్‌లనే ఫైలు డీటీపీకి ఇవ్వండి. రెండు ప్రూఫ్‌లు చూడడానికి ఆ మూడు నెలలు సరిపోతయి.