బెంగళూరు మారతహళ్లి వీకెండ్ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు: 3 స్టార్లు, తగ్గిన రెండూ ‘హోప్‌ఫుల్లీ’ ఖాతాలో

ముందే చెప్పేస్తున్నా, ఇన్‌స్టిట్యూట్ పేరు రాయట్లేదు, మారతహళ్లి బ్రిడ్జి దగ్గర బస్సు దిగి తలెత్తితే అన్నీ ఇలాంటి బోర్డులే కాబట్టి ఏదో ఒకటి అనుకోండి. 8 వారాలు, శని ఆదివారాలు పొద్దున 10 నుంచి 12, ఫీజు 6,500, కాసేపు నసిగితే 500 తగ్గించారు. నేను హెబ్బాళ నుంచి 500డి బస్సులో వచ్చేవాణ్ణి, శనివారం కదా రోడ్డు ఖాళీగా ఉంటుందనుకుని మొదటి క్లాసుకి 25 నిమిషాలు లేటు.

మంచి ముందు చెప్తా. నోరు తెరిపిస్తారు, అది మాత్రం ఒప్పుకోవాలి. బ్యాచ్‌లో 14 మందిమి, సగానికి పైగా మనోళ్లే, అనంతపురం కడప నెల్లూరు, బ్రేక్‌లో కింద టీ కొట్టు దగ్గరికి వెళ్లగానే అందరం తెలుగులో పడిపోయేవాళ్లం. కానీ క్లాసులో సార్ ఎవర్నీ వదలడు. ఫోన్ చెవి దగ్గర పెట్టించి బ్యాంకుకి కాల్ చేసినట్టు మాట్లాడమంటాడు, తప్పు మాట్లాడినా మధ్యలో ఆపడు, అయ్యాక ఒక్కటే తప్పు చెప్తాడు. రెండో నెలకల్లా నేను ఆఫీసులో రోజూ టీమంతా కలిసే స్టాండప్ కాల్‌లో మ్యూట్ తీసి మాట్లాడుతున్నా, అంతకుముందు చాట్‌లో టైప్ చేసేవాణ్ణి. ఏసీ ఉంది, పనిచేస్తుంది. పార్కింగ్ లేదు. మెటీరియల్ అంటే స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ కట్ట, కొన్ని పేజీలు వంకరగా పడి చివరి లైన్ సగం కనిపించదు.

ఇక గొడవ. ఐదో వారం మెయిల్ రాయడం ప్రాక్టీస్. సర్వర్ సమస్య గురించి క్లయింట్‌కి రాయమన్నాడు, నేను రోజూ రాసేదే కదా అని ‘హోప్‌ఫుల్లీ, ది ఫిక్స్ విల్ బి లైవ్ బై ఫ్రైడే’ అని రాశా, అంటే శుక్రవారానికల్లా రిపేరు అయిపోతుందని ఆశిస్తున్నాం అని. సార్ ఆ మొదటి మాట చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి రెండు మార్కులు కోసి, నా కాగితం అందరికీ చూపించి, ‘ఫిక్స్‌కి ఆశ ఉంటుందా అబ్బాయ్, ఎవరు ఆశపడుతున్నారిక్కడ?’ అన్నాడు. హోప్‌ఫుల్లీ అంటే ఆశతో అని మాత్రమే అర్థమట, ‘షి వెయిటెడ్ హోప్‌ఫుల్లీ’ అంటే ఆశగా ఎదురుచూసింది, అదొక్కటే కరెక్ట్, మిగతాదంతా ఆఫీసు వాళ్లు పాడుచేసిన ఇంగ్లిష్ అట.

క్లాసంతా తలూపింది, నిజం చెప్పాలంటే నేను కూడా ఊపాను. ఎందుకంటే మన చెవికి అది చాలా సబబుగా వినిపిస్తుంది. కుక్క బిర్యానీ పొట్లం వైపు ఆశగా చూసింది అంటాం, బాగుంది. ‘ఆశగా రేపు వాన పడుతుంది’ అని ఎవరైనా అంటే వానకేం ఆశరా అని నవ్వుతాం. తెలుగులో ఆ పని ‘ఆశగా’ చెయ్యదు, మనం ఆశని వాక్యం చివర పెడతాం, పడుతుందనుకుంటా, పడితే బాగుణ్ణు, దేవుడి దయుంటే పడుద్ది, ఇలా.

కానీ రాత్రి రూముకొచ్చాక నిద్ర పట్టలా. అవెన్యూ రోడ్డులో 250కి కొన్న పాత లెర్నర్స్ డిక్షనరీ ఉంది నా దగ్గర, అట్ట ఊడిపోతే బ్రౌన్ టేపు వేశా. తీస్తే రెండు అర్థాలూ ఉన్నాయి, ఆశగా అన్నదీ ఉంది, అలా జరుగుతుందని ఆశిస్తున్నాం అన్నదీ ఉంది. ఇక ఊరుకోలేక తవ్వా. ఆశగా అనే అర్థం 17వ శతాబ్దం నుంచీ ఉంది, సార్ అక్కడివరకూ కరెక్టే. రెండో అర్థం 1960ల్లో అమెరికాలో బాగా పాకింది, అప్పుడే భాషా పెద్దలు దాని మీద విరుచుకుపడ్డారు, కానీ 1961లో వచ్చిన వెబ్‌స్టర్స్ థర్డ్ డిక్షనరీలోకి అది అప్పటికే ఎక్కేసింది. పత్రికలవాళ్లు చాలాకాలం పట్టుబట్టారు, చివరికి అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ తన స్టైల్‌బుక్‌లో, అంటే విలేకరులు ఎలా రాయాలో చెప్పే పుస్తకంలో, 2012 ఏప్రిల్‌లో సరే రాసుకోండి అంది. నా జిరాక్స్ కట్టకి ఆ వార్త ఇంకా అందినట్టు లేదు.

అసలు లాజిక్ కూడా నిలబడదండి. ‘శాడ్లీ, ది షాప్ ఈజ్ క్లోజ్డ్’ అంటే షాపు ఏడుస్తోందా? ‘ఫ్రాంక్లీ, ది కాఫీ ఈజ్ బ్యాడ్’ అంటే కాఫీ మొహం మీద చెప్పేసిందా? ‘థ్యాంక్‌ఫుల్లీ, ఇట్ స్టాప్డ్ రెయినింగ్’ అంటే వాన దణ్ణం పెట్టిందా? వీటికి సార్ మార్కులు కొయ్యడు, అదే కట్టలో 31వ పేజీలో శాడ్లీతో మొదలయ్యే ఉదాహరణ ఇచ్చాడు కూడా. ఇవన్నీ మాట్లాడేవాడి మనసు చెప్పే మాటలు, వాక్యం మొత్తానికి ముందు కూర్చుంటాయి, వెనకాల కామా పెడితే అయిపోతుంది. మనకీ ఉన్నాయి అలాంటివి, దురదృష్టవశాత్తూ మ్యాచ్ రద్దయింది అంటే దురదృష్టం మ్యాచ్‌ది కాదు, టికెట్ కొన్న నాది. జర్మన్లకైతే ఈ తలనొప్పే లేదు, జరుగుతుందని ఆశిస్తున్నాం అనడానికి హోఫెంట్‌లిష్ ఒకటి, ఆశగా అనడానికి హోఫ్‌నుంగ్స్‌ఫోల్ ఇంకోటి, రెండు అర్థాలకి రెండు మాటలు పెట్టుకున్నారు.

తర్వాతి శనివారం ఇదంతా ఫోన్లో చూపిస్తే సార్ కళ్లజోడు పైకి తోసుకుని చదివాడు, కోప్పడలేదు, ‘పెద్ద వయసు మేనేజర్లు ఒప్పుకోరు నాయనా, సేఫ్‌గా వి హోప్ అని రాస్కో’ అన్నాడు. అది మంచి సలహానే. అదే ముందు చెప్పుంటే గొడవే లేదు కదా, తప్పు అనడం వేరు, కొంతమందికి నచ్చదు అనడం వేరు. మార్కులు మాత్రం వెయ్యలా.

నాకు ఇంకా కడుపుమంట ఏంటంటే ఆ మాటతో అసలు ఇబ్బంది వేరే ఉంది, అది ఎవరూ చెప్పలేదు. మా టీమ్ లీడ్‌ది గుంటూరు, నా మెయిల్ చూసి పిలిచి ‘హోప్‌ఫుల్లీ ఫ్రైడే అంటే తేదీయా, దణ్ణమా?’ అన్నాడు. పాయింటే. ఆ మాట వెనక ఎవరు ఆశపడుతున్నారో ఉండదు, ఎంత గ్యారంటీనో ఉండదు, ఎవరి నెత్తి మీదా పడదు. మా అమ్మకి ఫోన్లో ‘హోప్‌ఫుల్లీ పండక్కి వస్తానమ్మా’ అంటే ‘టికెట్ అయ్యిందా లేదా చెప్పరా’ అంటుంది. ఇప్పుడు నేను మెయిల్లో ‘టెస్టింగ్ గురువారానికి అయితే శుక్రవారం లైవ్’ అన్నట్టు రాస్తున్నా, ఎదురు ప్రశ్నలు సగానికి తగ్గాయి. వాక్యంలో ఆ మాట ఎక్కడ పెట్టాలన్న సంగతీ అంతే, ‘హి విల్ హోప్‌ఫుల్లీ వెయిట్’ అని మధ్యలో ఇరికిస్తే ఆశ వాడిదో నాదో తెలీదు, నాదైతే మొదట్లో పెట్టి కామా కొట్టాలి, వాడిదైతే వెయిట్ తర్వాత పెట్టాలి. ఈ పది నిమిషాల పాఠం పెట్టుంటే 4 స్టార్లు ఇచ్చేవాణ్ణి.

చేరాలా అంటే, మాట్లాడ్డానికి భయపడేవాళ్లు చేరండి, డబ్బులు దండగ కావు. రాతపని కోసమైతే వద్దు, ఆ డబ్బులో పదోవంతుకి మంచి డిక్షనరీ వస్తుంది, రోజూ తీసి చూస్తారంటే. డెమో క్లాసు ఫ్రీ, కానీ ఆ రోజు పాఠం చెప్పేది వేరే మేడమ్, ఆవిడ తర్వాత కనిపించదు.

సర్టిఫికెట్ గురించి రిసెప్షన్‌కి మెసేజ్ పెట్టా. వచ్చిన రిప్లై ఉన్నదున్నట్టు: ‘హోప్‌ఫుల్లీ ఇట్ విల్ బి రెడీ బై మండే సార్.’ స్క్రీన్‌షాట్ తీసి మా బ్యాచ్ గ్రూప్‌లో వేశా, సార్ కూడా ఉన్నాడు అందులో, నవ్వే బొమ్మ ఒకటి పెట్టాడు.

ఎడిట్: మండే వెళ్లా, రాలేదు. బుధవారం ఇచ్చారు, ఇంటిపేరులో ఒక అక్షరం ఎక్కువ పడింది, మళ్లీ ప్రింట్ చెయ్యాలంటే 100 అడిగారు, ఇవ్వలా.