రాగ్‌టైమ్ నుంచి స్ట్రైడ్ దాకా: రోల్ మేలా, రికార్డు మేలా?

అమెరికా నల్లజాతీయుల పియానో సంగీతంలో రాగ్‌టైమ్ అనే శైలి క్రమంగా స్ట్రైడ్ అనే జాజ్ శైలిగా ఎలా మారిందో చెవితో గ్రహించాలనుకునేవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఆనాటి ప్లేయర్ పియానో (తనంతట తానే మోగే పియానో) రోల్స్, అంటే దానిని నడిపే చిల్లుల కాగితపు చుట్టలు, వినడం మేలా, గ్రామఫోన్ రికార్డులు వినడం మేలా?

పోల్చి చూడటానికి స్ట్రైడ్ పియానో వాద్యకారుడు జేమ్స్ పి. జాన్సన్ ‘కరోలైనా షౌట్’ను మించినది లేదు. 1921లో ఆయన దానిని క్యూఆర్ఎస్ కంపెనీకి రోల్‌గానూ, ఓకే కంపెనీకి రికార్డుగానూ వాయించాడు. స్పష్టతే కొలబద్ద అయితే రోల్‌దే పైచేయి. అప్పటి రికార్డులను మైకు లేకుండా శబ్దాన్ని పట్టే కొమ్ము లాంటి గొట్టం ముందు వాయించి తీసేవారు కనుక, వాటిలో పియానో పక్కింట్లో మోగుతున్నట్టు వినిపిస్తుంది. రోల్ అయితే మన ఎదుటనున్న పియానో మెట్లనే కదిలిస్తుంది. తర్వాత జాజ్ దిగ్గజంగా ఎదిగిన డ్యూక్ ఎలింగ్టన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు రోల్ వేగం తగ్గించి, కిందికి దిగుతున్న మెట్ల మీద వేళ్లు ఆనించి ఈ రచనను నేర్చుకున్నాడు.

అయినా నా మొగ్గు రికార్డు వైపే, అందుకు కారణం దిద్దుబాటు. రికార్డులో దొర్లిన తప్పు అలాగే ఉండిపోతుంది. రోల్ తయారీలో మాత్రం తప్పు చిల్లును మూసేయవచ్చు, తడబడిన లయను సరిచేయవచ్చు, పది వేళ్లకు అందని స్వరాలను సైతం పొడిచి చేర్చవచ్చు. పైగా మామూలు 88 మెట్ల రోల్‌లో ఏ మెట్టును ఎంత గట్టిగా నొక్కారన్నది నమోదు కాదు. ఎడమచేయి కింది స్వరాన్ని బరువుగా మోపి, ఆ వెంటనే పై స్వరాల గుత్తిని తేలికగా తాకే ఊపే స్ట్రైడ్‌కు ప్రాణం కాబట్టి, ఇది చిన్న లోపం కాదు.

1904లో వచ్చిన వెల్టె-మిన్యోన్ వంటి రోల్ పద్ధతులు ఆ బలాబలాలను కూడా పట్టుకున్నాయి గాని, వాటిలో అధికభాగం ఐరోపా శాస్త్రీయ సంగీతమే. వాయిద్యకారుడు లేకుండా నేరుగా కాగితం మీద గీసి తయారుచేసిన రోల్స్ ఈ పనికి అసలే పనికిరావు.

రాగ్‌టైమ్ స్వరకర్త స్కాట్ జాప్లిన్ విషయంలో మాత్రం మనకు ఎంపిక లేదు. ఆయన వాయించినవిగా మిగిలినవి రోల్సే. ‘మేపుల్ లీఫ్ రాగ్’కు 1916లోనే రెండు వచ్చాయి. కానరైజ్డ్ కంపెనీ రోల్ నున్నగా, తూకం వేసినట్టు సాగుతుంది. యూనీ-రికార్డ్ రోల్‌లో లయ కుంటుతుంది, ఎడమచేయి అదనపు స్వరాల మీదుగా తొట్రుపడుతుంది. మరుసటి ఏడాదే ఆయనను బలిగొన్న జబ్బే దానికి కారణమని పలువురి అభిప్రాయం. నేను ముందుగా వినమనేది ఆ రెండోదే.