బెంగళూరులో మన ఊరి రేషన్ కార్డు ఎంతవరకు పనికొస్తుంది?

అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి బేల్దారి పనికి బెంగళూరు వచ్చే కుటుంబాలకు ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ నిజంగా కడుపు నింపే సేవ. కార్డు ఇక్కడికి మార్పించుకోనక్కర్లేదు. న్యాయబెలె అంగడి (చౌకధరల దుకాణం) అని కన్నడంలో బోర్డున్న ఏ షాపులోనైనా కార్డు నంబరో ఆధార్ నంబరో చెప్పి, కార్డులో పేరున్న ఒకరు వేలిముద్ర వేస్తే చాలు. మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు, అంత్యోదయ (అతి పేదల) కార్డుకైతే కుటుంబం మొత్తానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది ఉచితం.

చిక్కంతా కార్డు రకం దగ్గరే. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డులే రాష్ట్రం దాటి చెల్లుతాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు సొంత ఖర్చుతో ఇచ్చినవి ఇక్కడి మిషన్ తీసుకోదు. బస్సెక్కకముందే ‘మేరా రేషన్’ యాప్‌లో చూసుకోండి: పీహెచ్‌హెచ్ (ప్రాధాన్య కుటుంబం) అనో, ఏఏవై (అంత్యోదయ) అనో ఉండాలి. తెలంగాణ ఇచ్చే ఆరో కిలో ఇక్కడ రాదు. అన్నభాగ్య పథకం కింద కర్ణాటక అదనంగా ఇచ్చేది కర్ణాటక కార్డులకే. పక్కింటివాళ్లకు ఎక్కువ వచ్చిందని డీలరుతో గొడవపడి లాభం లేదు.

ఇక రెండో చిక్కు, ఊళ్లో ఉన్న ముసలివాళ్లు. నలుగురున్న పీహెచ్‌హెచ్ కార్డుకు 20 కిలోలు వస్తాయి. ఇక్కడ 10 తీసుకుంటే మిగతా 10 ఊళ్లో తీసుకోవచ్చు. కానీ ఊరి డీలరు ముందే మొత్తం ఇచ్చేస్తే ఆ నెల ఇక్కడ సున్నా చూపిస్తుంది. ఎన్ని కిలోలు తీసుకోవాలో ఇంట్లోవాళ్లకు ఫోన్‌ చేసి ముందే చెప్పండి.

సిమెంటు పనికి వేళ్ల గీతలు అరిగిపోతాయి. మిషన్ ఒప్పుకోకపోతే చేయి కడిగి, తుడుచుకుని వేరే వేలు పెట్టండి. కాకపోతే కార్డులోని ఇంకొకరిని పంపండి. కంటిపాప స్కానర్ ఉందేమో అడగండి. నెలనెలా ఇదే తంటా అయితే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా వేయించుకోవాల్సిందే.

ఫోన్ సంగతి చాలామంది పట్టించుకోరు. యాప్‌కు ఓటీపీ వచ్చేది ఆధార్‌కు కలిపిన నంబరుకే. ఇక్కడ కొత్త సిమ్ తీసుకుని పాతది వదిలేస్తే, కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. రీఛార్జి భారమైతే డేటా లేని, కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉన్న ప్యాక్ అడగండి. కంపెనీలు అలాంటివి తప్పక ఇవ్వాలని ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) 2024 డిసెంబరులో నిబంధన పెట్టింది. రీఛార్జి షాపువాళ్లు తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి.

రేషన్ అందేలోపు చౌకగా తిండి పెట్టే ప్రభుత్వ ఇందిరా క్యాంటీన్ ఆదుకుంటుంది. 2017 ఆగస్టులో మొదలైన ఈ క్యాంటీన్లలో ఏ కార్డూ అడగరు. టిఫిన్ 5 రూపాయలు, భోజనం 10. పూటకు ఎన్ని ప్లేట్లో ముందే లెక్క కట్టి ఉంటుంది కాబట్టి టోకెన్లు త్వరగా అయిపోతాయి. తెరిచే వేళకే వరుసలో ఉండాలి.

మీ కార్డు చెల్లేదే అయినా డీలరు బయటి రాష్ట్రం కార్డని తిప్పి పంపితే, ఆ షాపు ముందు నిలబడే ఈ పథకం హెల్ప్‌లైన్ 14445కు ఫోన్‌ చేయండి. షాపు నంబరు బోర్డు మీద ఉంటుంది, అది చెప్పండి.